సూదిలో దారం ఎక్కిస్తున్న అమ్మమ్మ ఫొటో: ముగ్గురు మూడు రకాలుగా చెబితే ఎవరి మాట వినాలి?

ప్రశ్న

కిటికీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న మా అమ్మమ్మ ఫొటోను జత చేస్తున్నాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 మి.మీ. లెన్స్, ఎఫ్/1.8 ఎపర్చర్ (లెన్స్ రంధ్రం వెడల్పు, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), సెకనులో 100వ వంతు షట్టర్ వేగం, ఐఎస్ఓ 800 (వెలుతురుకు కెమెరా సున్నితత్వం, అది పెరిగేకొద్దీ ఫొటో గరుకుగా వస్తుంది). ఎదురుగా కూర్చుని, సుమారు మీటరున్నర దూరం నుంచి తీశాను. వెలుతురంతా ఎడమ వైపు కిటికీలోంచి వచ్చినదే, ఫ్లాష్ వాడలేదు. 24 మెగాపిక్సెళ్ల రా ఫైలు (సెన్సర్ నమోదు చేసినది దిద్దకుండా దాచిన ఫైలు) నా దగ్గర ఉంది.

నాలాగే సరదాగా ఫొటోలు తీసే ముగ్గురు మిత్రులకు దీన్ని చూపించాను. ఎడమ అంచున కిటికీ తెల్లగా మెరిసిపోతూ చూపును అటే లాగేస్తోందని, ఆ భాగాన్ని క్రాప్ చేయమని ఒకరు చెప్పారు. కిటికీని తీసేస్తే ముఖం మీది వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా పోతుందని, ఫొటోకు ప్రాణమే అదని రెండవ వారు వాదించారు. మూడవ వారు ఈ వాదన జోలికి పోకుండా, ఫొటో మొత్తం చీకటిగా ఉందని, కళ్లు ఫోకస్‌లో లేవని తేల్చేశారు. ముగ్గురికీ నాకంటే అనుభవం ఎక్కువ, ముగ్గురి మాటల్లోనూ న్యాయం కనిపిస్తోంది. అయితే ఒకరి సలహా పాటిస్తే మరొకరి సలహాను పక్కన పెట్టక తప్పదు. ఇటువంటి సందర్భంలో దేనిని ఆధారం చేసుకుని ఎంచుకోవాలి? ఫొటో మీద మీ అభిప్రాయాన్ని కూడా మొహమాటం లేకుండా చెప్పగలరని మనవి.

జవాబు 1

మొహమాటం వద్దన్నారు కాబట్టి, సలహాల కంటే ముందు ఈ ఫొటోలో నా కన్ను ఏ దారిన నడిచిందో చెబుతాను. మొట్టమొదట చూపు ఆగినది ముక్కు మీదికి జారిన కళ్లద్దాల కింది అంచు మీద. దాని మీది సన్నని గీత సైతం తేటగా కనిపిస్తోంది. అక్కడి నుంచి చేతుల వైపు వెళ్లాను. అవి మసకగా ఉన్నాయి. సూది ఉన్నదని మీరు చెప్పారు గనుక తెలిసింది కానీ, బెజ్జం గానీ దారం కొస గానీ నాకు కనబడలేదు. కళ్లు కూడా అద్దాలకు కాస్త వెనుకగా ఉండి కొద్దిగా మెత్తబడ్డాయి. కిటికీ నా దృష్టిలో పడినది ఆ తరువాతనే.

మీటరున్నర దూరంలో, 85 మి.మీ. లెన్స్‌తో, ఎఫ్/1.8 వద్ద స్పష్టంగా వచ్చే లోతు మొత్తం మీద మూడున్నర సెంటీమీటర్లకు మించదు. ఆవిడ చేతులు ముఖానికి ఓ 20 సెంటీమీటర్లు ముందు ఉన్నాయనుకుంటే, ఆ ఎపర్చర్‌తో కళ్లూ సూదీ ఒకే ఫొటోలో తేటగా రావడం అసాధ్యం. రెండూ కావాలంటే ఎఫ్/11 దాకా పోవాలి. అప్పుడు వెలుతురు 37 రెట్లు తగ్గి, అదే షట్టర్ వేగానికి ఐఎస్ఓ 30,000 దగ్గరకు చేరుతుంది. కనుక మీ మూడవ మిత్రుని మాట సగమే నిజం. కళ్లు ఫోకస్‌లో లేవన్నది లోపమే, కానీ ఈ ఫొటో కళ్ల గురించా, సూది గురించా అన్నది మీరు తేల్చుకోకుండా ఆ లోపాన్ని ఎలా సరిదిద్దాలో ఎవరూ చెప్పలేరు.

నా మటుకు నేనైతే పక్క నుంచి తీస్తాను. కెమెరాకు ముఖమూ చేతులూ ఒకే దూరంలో ఉంటే ఎఫ్/4 ఇచ్చే ఏడున్నర సెంటీమీటర్లు రెండింటికీ చాలా వరకు సరిపోతాయి.

జవాబు 2

పై లెక్కతో నాకు పేచీ లేదు, పరిష్కారంతోనే ఉంది. పక్క నుంచి తీస్తే జారిన అద్దాల మీదుగా దారం కొసను పట్టిపట్టి చూసే ఆ చూపు పోతుంది. ఈ ఫొటోలో నన్ను నిలబెట్టినది అదే. ఎదుటి నుంచే తీయండి, కాకపోతే మూడు మీటర్ల దూరానికి జరగండి. దూరం రెట్టింపు అయితే స్పష్టత లోతు నాలుగు రెట్లవుతుంది కాబట్టి ఎఫ్/2.8 వద్దనే మీకు 20 సెంటీమీటర్లు దక్కుతాయి. ఆ తరువాత మధ్య భాగాన్ని క్రాప్ చేసుకుంటే ఇప్పటి కూర్పే తిరిగి వస్తుంది.

క్రాప్ చేయడం తప్పన్నట్టుగా కొందరు మాట్లాడతారు. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ క్రాపింగ్‌ను వ్యతిరేకించిన వారిలో ముఖ్యుడు. అయినా 1932లో పారిస్‌లోని సాన్ లజార్ రైల్వే స్టేషన్ వెనుక, నీటి మడుగు మీదుగా దూకుతున్న మనిషిని కంచె సందులోంచి తీసిన ఫొటోలో, అడ్డు వచ్చిన కంచె చెక్క భాగం తీసివేయక తప్పలేదు. అవసరం ఉన్నచోట ఆయనకే తప్పనిది మనకు తప్పుతుందా?

ఇక కిటికీ సంగతి. క్రాప్ గురించి వాదించుకునే ముందు రా ఫైలులో ఆ తెలుపును తగ్గించి చూడండి. జేపెగ్‌లో పూర్తిగా తెల్లబడిన చోట తరచు రా ఫైలులో కొంత వివరం మిగిలి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ హద్దు దాటిపోయిన చోట మాత్రం తిరిగి తెచ్చుకునేది ఏమీ ఉండదు.

జవాబు 3

రెండవ జవాబులో ఒక చిక్కు ఉంది. వెనక్కి జరిగి క్రాప్ చేసినప్పుడు మధ్య భాగాన్ని రెండింతలు పెద్దది చేసి చూస్తాము, దానితో పాటు మసకా రెండింతలవుతుంది. అందుచేత ఎఫ్/2.8 వద్ద చేతికి నిజంగా దక్కే లోతు పది సెంటీమీటర్లే. 20 కావాలంటే ఎఫ్/5.6కు పోవలసిందే. ఐఎస్ఓ అంకె తగ్గినట్టు కనిపించినా, సెన్సర్‌లో పావు వంతు మీద పడిన వెలుతురునే పెద్దది చేసి చూపిస్తున్నాము కనుక ఫొటోలోని గరుకుదనం దాదాపు దగ్గర నుంచి ఎఫ్/11తో తీసినప్పటి అంతే ఉంటుంది. 24 మెగాపిక్సెళ్లు 6కు పడిపోవడం అదనపు నష్టం.

ఆ సలహాను సగం వరకు పాటిస్తే మాత్రం మంచిది. వెనక్కి జరగండి, క్రాప్ మానండి. మనిషి నడుము దాకా, కిటికీ చట్రంతో సహా ఫ్రేములోకి వస్తారు, 20 సెంటీమీటర్ల లోతు నిజంగానే దక్కుతుంది. ఇప్పుడు మీ మిత్రులిద్దరూ పోట్లాడుకుంటున్నది నిజానికి కిటికీ గురించి కాదు, అంచున మిగిలిపోయిన ఒక తెల్లని పట్టీ గురించి. అది కిటికీ అని గుర్తించే వీలు చూసేవారికి లేదు కనుక ఒకరికి అడ్డుగా తోచింది, అది కిటికీ అని ముందే తెలిసిన వారికి ప్రాణంగా తోచింది. చట్రం కనబడితే ఆ తగవు చాలా వరకు సమసిపోతుంది.

చీకటిగా ఉందన్న మాటను తెర వెలుగు చూసుకున్న తరువాతే పట్టించుకోండి. ఫోను వెలుగు పూర్తిగా పెంచుకుని చూసేవారికీ, వెలుగు తగ్గించిన తెర మీద చూసేవారికీ ఒకే ఫైలు రెండు ఫొటోలుగా కనిపిస్తుంది. ప్రింటు కోసం ఫొటోలు దిద్దేవారు తెరను సాధారణంగా చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంచుకుంటారు. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఫొటోలో ఏది ఎంత ఉందో చూపే గ్రాఫు) అయితే తెరను బట్టి మారదు. మీ ఫైలులో నలుపు అంచున ఏమీ తెగిపోలేదు, ముఖంలో వెలుగు సోకిన భాగం మధ్యకు కొద్దిగా ఎడమగా ఉంది. నా లెక్కలో ఇది లోపం కాదు, మీ ఇష్టానికి వదలవలసిన విషయం. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయాన్ని తీసిన నెగటివ్ ఒక్కటే అయినా, దాని తొలి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో మేఘాలతో ఉంటుంది, దశాబ్దాల తరువాతి ప్రింట్లలో దాదాపు నల్లగా ఉంటుంది. వాటిలో ఏది సరైన ఎక్స్‌పోజర్ అని అడిగితే జవాబు లేదు.

ప్రశ్న అడిగిన వారు

ముగ్గురికీ ధన్యవాదాలు. రా ఫైలు తెరచి చూస్తే కిటికీ కర్టెన్ మడతలు తిరిగి కనిపించాయి కానీ, అద్దం ఉన్న చోట ఏమీ మిగలలేదు. ఈ ఫొటో సూది గురించే అని తేల్చుకున్నాను. అయితే ఆ చూపు లేకపోతే సూదికి అర్థం లేదు కనుక, మూడు మీటర్ల దూరం నుంచి, క్రాప్ లేకుండా, ఎఫ్/2.8తో ఎదుటి నుంచే మళ్లీ తీస్తాను. ఒక్క సందేహం: దారం ఎక్కించేటప్పుడు అమ్మమ్మ చేయి సన్నగా వణుకుతుంది. షట్టర్ వేగం 100వ వంతు సరిపోతుందా?

జవాబు 1 రాసిన వారు

లెన్స్ ఫోకల్ పొడవును బట్టి (85 మి.మీ. అయితే సుమారు 85వ వంతు) షట్టర్ వేగాన్ని ఎంచుకునే సూత్రం మీ చేతి వణుకుకు వర్తిస్తుంది కానీ ఆవిడ చేతి వణుకుకు వర్తించదు. లెన్స్‌లో ఉండే స్థిరీకరణ కూడా ఇక్కడ పనికిరాదు. 250వ వంతుకు పెంచండి. ఎపర్చర్ తగ్గించినందుకూ, షట్టర్ వేగం పెంచినందుకూ కలిపి వెలుతురు ఆరు రెట్లు తగ్గుతుంది కాబట్టి ఐఎస్ఓ 5,000 దగ్గరకు వస్తుంది. ఆ మాత్రం గరుకు ఈ ఫొటోకు చెరుపు చేయదు.

ఫోకస్ బెజ్జం మీద పెట్టవద్దు. అలా పెడితే దక్కిన లోతులో దాదాపు సగం చేతులకు ముందే వృథా అవుతుంది. చేతులకూ ముఖానికీ నడుమ పడేలా, ముంజేతి మీద పెట్టి చూడండి. వరుసగా కొన్ని ఫొటోలు తీయండి, ఎందుకంటే దారం కొస బెజ్జాన్ని తాకబోయే ముందు చేయి ఒక్క క్షణం కుదురుకుంటుంది. కళ్లద్దాల మీద కిటికీ ప్రతిబింబం పడితే మాత్రం ఫోకస్ ఎంత కుదిరినా కళ్లు కనబడవు. అటువంటప్పుడు ఆవిడను కదిలించకుండా, మీరే కెమెరాను జానెడు పైకో కిందికో జరుపుకోండి.