బాలబాలికలు కలిసి ఆడే బ్యాడ్మింటన్ లీగ్: ఏ పద్ధతిలో నడిపితే మంచిది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా కాలనీలో 11 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న పిల్లలు 30 మంది షటిల్ ఆడుతున్నారు; వారిలో ఆడపిల్లలు 12 మంది. వీరందరితో ఒక లీగ్ నడపాలని కొందరు తల్లిదండ్రులం అనుకుంటున్నాం. వారానికి ఒకరోజు 3 గంటల పాటు 2 ఇండోర్ కోర్టులు మాకు దొరుకుతాయి. కిందటి సెలవుల్లో నాకౌట్ పోటీలు పెడితే సగం మంది ఒక్క ఆటతోనే ఇంటిముఖం పట్టారు. ఆడపిల్లల్లోనైతే పేర్లు ఇచ్చినవారే ఐదుగురు. ఈసారి బాలికలకు, బాలురకు వేర్వేరుగా పోటీలు పెట్టాలా, లేక కలిపి జట్లు కట్టాలా అన్న దగ్గర ఆగిపోయాం. కలిపితే ఆడపిల్లలు లెక్క కోసం నిలబెట్టినవారిగా మిగిలిపోతారేమోనన్నది నా సంకోచం. ఇలాంటి లీగ్ నడిపిన అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1

కలిపే జట్లు కట్టండి. మీ సంకోచానికి జవాబు జట్టులో ఎందరు బాలికలున్నారన్నదానిలో కాక, గెలుపోటముల లెక్కలో వారి ఆటకు ఎంత వాటా ఉందన్నదానిలో ఉంది. దీనికి మంచి నమూనా 1989లో మొదలైన సుదిర్మన్ కప్. దేశాల జట్లు తలపడే ఆ పోటీలో పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, పురుషుల డబుల్స్, మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ (ఒక పురుషుడు, ఒక మహిళ జంటగా ఆడేది) అని 5 మ్యాచ్‌లు ఉంటాయి గనుక, కేవలం మగవారి బలాన్నే నమ్ముకున్న జట్టుకు గెలుపు దక్కదు. మీరూ అదే పెడితే, అమ్మాయిలతో కలిసి సాధన చేయక తప్పదన్న సంగతి అబ్బాయిలకు పట్టిక చూడగానే బోధపడుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు.

మీ సంఖ్యకు ఐదుగురేసి సభ్యులతో 6 జట్లు సరిగ్గా సరిపోతాయి: జట్టుకు ఇద్దరు బాలికలు, ముగ్గురు బాలురు. జట్లను మాత్రం కెప్టెన్ల చేత అందరి ముందూ ఎంపిక చేయించకండి. చివరివరకూ పిలుపు రాని పిల్లవాడు మరుసటి వారం కోర్టు వైపు రాడు. ఆట తెలిసిన పెద్దలు ఇద్దరు కూర్చుని, పిల్లల పేర్లను స్థాయిని బట్టి వరుసగా రాసుకుని సమంగా పంచితే చాలు.

సమాధానం 2

పై సమాధానంలోని సూత్రంతో ఏకీభవిస్తాను గానీ, 6 జట్ల లెక్కతో ఏకీభవించలేను. జట్టుకు ఇద్దరే బాలికలుంటే, వారిలో ఒకరికి పరీక్షో జ్వరమో వచ్చిన రోజున బాలికల డబుల్స్ ఆడకుండానే పోతుంది. మేము నడిపిన మొదటి లీగ్ నాలుగో వారానికే చెదిరిపోవడానికి కారణం ఇదే. 4 జట్లే చేయండి. అప్పుడు ఒక్కో జట్టులో ముగ్గురు బాలికలు, నలుగురో ఐదుగురో బాలురు ఉంటారు. ఇంకొక మిక్స్‌డ్ డబుల్స్ చేర్చి 6 మ్యాచ్‌లు పెడితే బాలికలకు 5, బాలురకు 5 స్థానాలు వస్తాయి. ఊరికే కూర్చునేవారు ఎవరూ ఉండరు. ఆ రెండో మిక్స్‌డ్ డబుల్స్‌ను 13 ఏళ్ల లోపు వారికే కేటాయించండి.

6 మ్యాచ్‌లైతే పోటీ 3-3తో సమం కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. అందుకే రిలే లెక్క, అంటే ఒక మ్యాచ్ స్కోరు మీదనే తర్వాతి మ్యాచ్ సాగే పద్ధతి, పెట్టమంటాను. ప్రపంచ జూనియర్ మిశ్రమ జట్ల పోటీల్లో 2024లో ఈ పద్ధతినే 110 పాయింట్లతో అమలు చేశారు. మీకు 66 సరిపోతాయి. మొదటి మ్యాచ్ ఎవరో ఒకరు 11 చేరేవరకు, ఆ స్కోరు మీదనే రెండోది 22 వరకు, అలా చివరిది 66 వరకు సాగుతుంది. 4-11తో వెనకబడిన జట్టు తరఫున తర్వాత దిగిన జంట 18 పాయింట్లు సాధించి జట్టును ముందుకు తేవచ్చు కాబట్టి, ఓడిపోతున్న పిల్లలు కూడా ఒక్క ర్యాలీని వదలరు. సమయమూ చేతిలో ఉంటుంది. మామూలు పద్ధతిలో ఒక గేమ్ 30-29 దాకా పోవచ్చు గనుక, 3 గేముల మ్యాచ్ ఒక్కటే 177 పాయింట్ల వరకు సాగే వీలుంది. రిలేలో మొత్తం పోటీ ఎంత హోరాహోరీగా జరిగినా 131 దాటదు. 2 కోర్టుల్లో ఒకేసారి 2 పోటీలు జరుగుతాయి. ప్రతి జట్టూ ప్రతి వారం ఆడుతుంది. రెండు విడతల లీగ్ 6 వారాల్లో ముగుస్తుంది.

సమాధానం 3

లెక్కలు బాగున్నాయి. కోర్టులో జరిగే ఒక విషయం చెబుతాను. మిక్స్‌డ్ డబుల్స్ అనగానే అమ్మాయిని నెట్ దగ్గర నిలబెట్టి, వెనక కోర్టంతా అబ్బాయి తానే పరిగెత్తి ఆడేస్తాడు. అలా ఆడాలని నియమం ఏదీ లేదు. పై స్థాయిలో అదొక వ్యూహం మాత్రమే. నేర్చుకునే వయసులో అదే అలవాటైతే అమ్మాయికి స్మాష్ కొట్టే అవకాశమే రాదు. సాధనలోనైనా ఇద్దరి చేతా స్థానాలు మార్పించండి. ముందున్నవారు వెనక్కి తిరిగి భాగస్వామిని చూడడం కంటికి ప్రమాదమని మొదటి రోజే గట్టిగా చెప్పండి.

సాధనకు నైలాన్ షటిల్ వాడండి. 16 ఈకల షటిల్ కొత్తవారి చేతిలో నిలవదు. నెట్‌ను స్తంభాల వద్ద 1.55 మీటర్లు, మధ్యలో 1.524 మీటర్లు ఉండేలా టేపుతో ప్రతి వారం కొలవండి. పిల్లలు ఆడినంతసేపూ కోర్టు దగ్గర పెద్దలు ఇద్దరు, వారిలో ఒకరు మహిళ, ఉండి తీరాలి. ఈ ఒక్క విషయంలో సర్దుబాటు వద్దు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. 4 జట్లు, 6 మ్యాచ్‌లు, 66 పాయింట్ల రిలే అని నిన్న రాత్రి నిర్ణయించుకున్నాం. అంపైరింగ్ బాధ్యతను, ఆ సమయంలో ఆట లేని పిల్లలకే వంతులవారీగా, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చొప్పున అప్పగించాలన్న ఆలోచన మా అమ్మాయిది. పేర్లు తీసుకోవడం మొదలుపెట్టాక ఇప్పటికి 9 మంది బాలికలు ఇచ్చారు. మిగిలిన ముగ్గురి ఇళ్లకు ఈ ఆదివారం వెళ్లి వారి తల్లిదండ్రులతో మాట్లాడతాం.