బెంగళూరు వానాకాలపు బురదకు ఫోర్ వీల్ డ్రైవ్ ఆర్‌సీ ట్రక్కు: తయారైనది కొనాలా, కిట్‌తో కట్టుకోవాలా?

కేఆర్ పురం బగ్గీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఉద్యోగరీత్యా బెంగళూరులో కేఆర్ పురం వైపు ఉంటున్నాను. మా ఇంటికి దగ్గరలో ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్ ఒకటి ఉంది. అక్కడివారి అనుమతితో సాయంత్రాలు ఆర్‌సీ బండి, అంటే రిమోట్‌తో నడిచే చిన్న నమూనా బండి, నడుపుతుంటాను. ప్రస్తుతం నా దగ్గర ఉన్నది 1/14 స్కేలు (అసలు బండిలో పద్నాలుగో వంతు) బగ్గీ. గట్టి నేల మీద అది బాగానే పరుగెడుతుంది గానీ, జూన్‌లో మొదలై అక్టోబరు దాకా సాగే వానలకు ఎర్రమట్టి నానిందంటే దాని పొట్ట నేలకు ఆనుకుపోయి, నాలుగు చక్రాలూ ఉన్నచోటనే తిరుగుతాయి.

అందువల్ల బురద కోసమే ఒక ట్రక్కు సమకూర్చుకోవాలని అనుకుంటున్నాను. బ్యాటరీ, చార్జరుతో కలిపి ఖర్చు 35,000 రూపాయలు దాటకూడదు. ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4 వంటి క్రాలర్ (రాళ్లు, గుట్టలు నిదానంగా ఎక్కే బండి) మంచిదా, స్లాష్ 4x4 వంటి షార్ట్ కోర్స్ ట్రక్కు (వేగంగా పరుగెత్తే పందెపు రకం) మంచిదా, లేక ఫ్రేమ్ కిట్ తెప్పించి ఒక్కొక్క భాగమే అమర్చుకోవడం మేలా? మోటారుకు ఎంత శక్తి ఉంటే బురదలోంచి బయటపడుతుందన్నది నా ముఖ్యమైన సందేహం. పందేల ఉద్దేశం లేదు. దిగబడితే నేను వెళ్లి ఎత్తుకురావలసిన అవసరం లేకుండా తనంతట తాను పైకి రావాలి, అంతే.

రేగడి బండి:

మోటారు సంగతి తర్వాత చూద్దాం. బండిని పదో వంతుకు కుదించగలం గానీ బురదను కుదించలేం. మీ బగ్గీ కష్టాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. రెండు టన్నుల జీపును 1/10 కొలతకు తగ్గిస్తే పొడవు పదో వంతు, మట్టిని తాకే వైశాల్యం నూరో వంతు, బరువు వెయ్యో వంతు, అంటే రెండు కిలోలు అవుతాయి. మట్టి అంటుకునే బలం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. చక్రం నేలను పట్టుకోవడానికి పనికివచ్చే బరువు మాత్రం ఘనపరిమాణంతో పాటు పడిపోతుంది. కనుక బరువుతో పోల్చి చూస్తే అదే మట్టి మన బండికి అసలు జీపుకన్నా పది రెట్లు గట్టిగా అంటుకున్నట్టు లెక్క. ఆచరణలో 1/10 క్రాలర్లు మూడు కిలోల దాకా తూగుతాయి కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది. 1/18, 1/24 బండ్లు వరండాలో రాళ్లు పేర్చి ఆడుకోవడానికి ముచ్చటగా ఉంటాయి గానీ, బురద కోసమైతే వాటి జోలికి వెళ్లకండి.

తర్వాతది మట్టి రకం. మా నంద్యాల వైపు నల్లరేగడిలో నీరు పీల్చుకుని ఉబ్బే స్మెక్టైట్ జాతి బంకమన్ను ఎక్కువగా ఉంటుంది. వాన వెలిసిన మరునాడు అందులోకి దిగితే ఎంత గొప్ప టైరైనా పది గజాలలో పచ్చి మట్టిముద్ద అయిపోతుంది. బెంగళూరు ఎర్రమట్టిలో కయోలినైట్ పాలు ఎక్కువ. అది అంతగా ఉబ్బదు, అంతగా అంటదు, పైపొర మాత్రం విపరీతంగా జారుతుంది. తెచ్చి పోసిన మట్టి కాకపోతే చాలాచోట్ల కొద్ది సెంటీమీటర్ల కిందనే గట్టి నేల దొరుకుతుంది. అందుచేత మీకు కావలసినది పైపొరను కోసుకుని ఆ గట్టి నేలను అందుకునే టైరు: 1.9 అంగుళాల రిమ్ముకు సరిపడేది, 110 నుంచి 120 మిల్లీమీటర్ల ఎత్తున్నది, వెడల్పు తక్కువది, పైన పొడుచుకువచ్చిన రబ్బరు ముద్దలు దూరదూరంగా ఉన్నది. దగ్గరదగ్గరగా సన్నని ముద్దలున్న టైరు రాతి మీద బాగా పట్టినా, బురదలో ఒక చుట్టు తిరిగేసరికి నున్నగా పూడిపోతుంది. రాళ్ల మీద నడిపేవారు ముందు ఇరుసుకు బిగించే ఇత్తడి బరువులు కూడా మీకు అక్కరలేదు. అవి బండిని ఇంకా లోతుకు దింపుతాయి.

డిఫరెన్షియల్‌కు (ఇరుసులో రెండు పక్కల చక్రాలకు తిరుగుడు పంచే గేర్లకు) లాక్ లేని బండిలో, ఒక పక్క చక్రం జారితే తిరుగుడంతా దానికే పోయి, పట్టు ఉన్న రెండో చక్రం ఊరికే నిలబడిపోతుంది. కనుక ముందూ వెనుకా లాక్ అయిన ఇరుసులు, అంటే రెండు చక్రాలూ కలిసే తిరిగేవి, ఉండాలి. మలుపు కాస్త పెద్దదవుతుంది, సహించాలి. స్లాష్ 4x4ను నేను వద్దంటాను. దాని డిఫ్‌లలో లాక్ ఉండదు, సిలికాన్ ఆయిలే ఉంటుంది. పైగా దాని చాసీ తొట్టిలాంటిది కావడం వల్ల లోపలికి చిమ్మిన బురద అక్కడే పేరుకుని బండి బరువు పెంచుతుంది. క్రాలర్ల నిచ్చెన ఫ్రేములో మట్టి కిందికి జారిపోయే వీలుంది.

టీఆర్ఎక్స్-4 మంచి బండే. దాని పోర్టల్ ఇరుసుల్లో చక్రం దగ్గర అదనపు గేర్లు ఉండటం వల్ల ఇరుసు గొట్టం చక్రం మధ్యబిందువు కన్నా పైకి లేచి, డిఫ్ గుండు బురదను దున్నకుండా ఉంటుంది. అయితే కొత్తది మీ 35,000లో ఇమడదు. ఆక్సియల్ ఎస్‌సీఎక్స్10 వరుస కొలతలను అనుసరించి పలు కంపెనీలు చేసే 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం) ఫ్రేమ్ కిట్ తీసుకుని, 55 టర్నుల (లోపలి తీగ చుట్లు; అవి తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది) బ్రష్డ్ మోటారు పెట్టి, నిదానంగా నడపండి. సరిపోతుంది.

పినియన్ ప్రియుడు:

రేగడి బండి గారి టైరు సలహా, లాక్ సలహా రెండూ సరైనవే. 55 టర్నుల మోటారుతో నిదానంగా నడపమనడం మాత్రం రాళ్లకు చెప్పవలసిన సలహా. టైరుకు అంటిన మట్టిని విదిలించేది వేగమే. 110 మిల్లీమీటర్ల టైరు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే దాని అంచున ఉన్న మట్టి మీద గురుత్వాకర్షణకు సుమారు మూడున్నర రెట్ల విసురు పడుతుంది. అదే 15 కిలోమీటర్ల వేగంలో ముప్పై రెట్లు దాటుతుంది, ఎందుకంటే వేగం మూడింతలైతే విసురు తొమ్మిదింతలవుతుంది. మొదటి వేగంలో మట్టి టైరును వదలదు. రెండో వేగంలో ఎగిరి మీ చొక్కా మీద పడుతుంది.

అందుకని 35 టర్నుల మోటారు తీసుకోండి. రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) బదులు మూడు సెల్లుల లైపో వాడితే, వోల్టేజీ 7.4 నుంచి 11.1కి పెరిగి మోటారు వేగం ఒకటిన్నర రెట్లు అవుతుంది. నెమ్మదిగా దిగి, చక్రాలు పూడుతున్నట్టు కనిపించగానే క్షణకాలం ట్రిగ్గరు గట్టిగా నొక్కి వదలాలి. అంతకుమించి నొక్కి ఉంచితే బండి తన గుంత తానే తవ్వుకుంటుంది. టీఆర్ఎక్స్-4లో రెండు గేర్లను రిమోట్ నుంచే మార్చుకునే ఏర్పాటు ఉన్నది. బురదలో దాని విలువ తెలుస్తుంది. వాడినది మీ లెక్కలో దొరికితే కిట్ కన్నా అదే మేలని నా అభిప్రాయం.

తడిపొడి:

మోటారు చర్చ ఎటు తేలినా, బురదబండి ఎంతకాలం మన్నుతుందో నిర్ణయించేది నీరు, ఇసుక రేణువులు. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం), సర్వో (స్టీరింగు తిప్పే చిన్న మోటారు) రెండూ వాటర్‌ప్రూఫ్ అని స్పష్టంగా రాసి ఉన్నవే తీసుకోండి. హాబీవింగ్ క్విక్‌రన్ 1080 క్రాలర్లకు సరిపోయే అటువంటి బ్రష్డ్ ఈఎస్‌సీ, మూడు సెల్లుల దాకా పనిచేస్తుంది. రిసీవరు పెట్టె మూతకు రబ్బరు ఓ-రింగ్ ఉందో లేదో చూసి, వైర్లు బయటికి వచ్చే చోట సిలికాన్ గ్రీజు పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని నీరు బాగా అడ్డుకుంటుంది గనుక యాంటెన్నా గొట్టాన్ని బాడీలో పైకి నిలబెట్టండి.

బురదలో స్టీరింగు తిప్పడానికి రాతి మీద కన్నా ఎక్కువ బలం కావాలి. తిప్పే బలం 20 కిలో-సెంటీమీటర్లు పైబడిన సర్వో పెట్టి, దానికి కరెంటు మాత్రం ఈఎస్‌సీలో ఉండే 3 ఆంపియర్ల బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవరుకు, సర్వోకు అందించే భాగం) నుంచే ఇస్తే, చక్రం ఇరుక్కున్న క్షణంలో వోల్టేజీ పడిపోయి రిసీవరు ఆగి మళ్లీ మొదలవుతుంది. చాలామంది దీన్ని రేడియో లోపమనుకుని రిమోటును నిందిస్తారు. విడి బీఈసీ ఒకటి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

టైరు లోపలి స్పాంజి గురించి ఎవరూ చెప్పలేదు. మామూలు స్పాంజి నీరు పీల్చుకుని చక్రం బరువును అమాంతం పెంచుతుంది. నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేయించుకోండి. రిమ్ముకు గాలి రంధ్రాలు ఉంటే అందులోంచి బురదనీరు లోపలికి వస్తుంది. వాటిని మూసి, టైరు నడుమ గీతలో రెండు చిన్న రంధ్రాలు చేస్తే చక్రం తిరిగేటప్పుడు నీరు బయటికి చిమ్ముతుంది.

ఇంటికి రాగానే ముందు బ్యాటరీ తీసి, మగ్గుతోనో సన్నని ధారతోనో కడగండి. కారు కడిగే ప్రెషర్ పంపు పనికిరాదు. అది ఇసుకను సీళ్లు దాటించి బేరింగుల్లోకి తోస్తుంది. కడిగాక డబ్ల్యూడీ-40 చల్లితే తేమ తొలగుతుంది, కానీ అది బేరింగులకు ఎక్కువకాలం నిలిచే కందెన కాదు. ఆరిన తర్వాత బేరింగులకు విడిగా నూనె, ఇరుసు గేర్లకు మెరైన్ గ్రీజు వేయాలి. బ్రష్డ్ మోటారును మంచినీటిలో ముంచి తిప్పి కడిగినా ఏమీ కాదు, తడిగా వదిలేస్తేనే బుషింగులు తుప్పుపడతాయి. కనెక్టర్లు, వైర్లు, హీట్ ష్రింక్ గొట్టాలు (వేడికి ముడుచుకుని వైరును కప్పేవి) బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. బేరింగులకు హాబీ దుకాణమే అక్కరలేదు. 5x11x4 వంటి కొలత చెప్పి బేరింగుల దుకాణంలో అడగండి, రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవే ఇమ్మనండి.

ఇంకొక మాట. నీరు దిగిన చెరువు గర్భాలలో బురద బాగుంటుందని కొందరు అక్కడికి వెళుతుంటారు. నగరంలోని చాలా చెరువుల్లో మురుగు కలుస్తోంది. ఆ బురదను చేతులతో కడగవలసింది మీరే. మీ లేఅవుటే నయం.

కేఆర్ పురం బగ్గీ:

అందరికీ ధన్యవాదాలు. వాడిన టీఆర్ఎక్స్-4 కోసం కొంతకాలం చూసి, దొరక్కపోతే 313 ఫ్రేమ్ కిట్‌తోనే కట్టుకోవాలని నిర్ణయించుకున్నాను. రేగడి బండి గారూ, 35 టర్నుల మోటారు, మూడు సెల్లుల లైపో అన్న సలహాకు మీరు అంగీకరిస్తారా? అలా అయితే మోటారు కాలిపోయే ప్రమాదం లేదా?

రేగడి బండి:

ఎర్రమట్టికైతే అంగీకరిస్తాను, పినియన్ ప్రియుడు గారి లెక్కలో తప్పు లేదు. మా రేగడిలో మాత్రం ముప్పై రెట్ల విసురుకు కూడా మట్టి ఊడదని ఆయన్ను ఒకసారి నంద్యాల పిలిచి చూపించాలని ఉంది.

వేడిని అదుపులో పెట్టేది పినియన్, అంటే మోటారు కడ్డీకి బిగించే చిన్న గేరు. మూడు సెల్లులు పెట్టినప్పుడు, రెండు సెల్లులకు వాడేదాని కన్నా ఒకటి రెండు పళ్లు తక్కువ ఉన్నది బిగించండి. అది తిప్పే పెద్ద గేరు (స్పర్ గేరు) పళ్ల కొలతకు సరిపోయేటట్టు 11, 13 పళ్లవి రెండూ తెప్పించుకుంటే మార్చి చూసుకోవచ్చు. అయిదు నిమిషాలు నడిపి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మోటారు డబ్బాను కొలవండి. 80 డిగ్రీలకు చేరువైతే ఇంకా చిన్న పినియన్‌కు మారాలి. ఈఎస్‌సీలో బ్యాటరీ రకాన్ని లైపోగా ఎంచుకోవడం మరవకండి; లేకపోతే వోల్టేజీ పడిపోయినప్పుడు అది మోటారును సకాలంలో ఆపదు, సెల్లులు పాడవుతాయి. వారం రోజులు నడపని పక్షంలో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిలిపి ఉంచండి. చార్జరు కొనేటప్పుడు అందులో స్టోరేజ్ మోడ్ (సెల్లులను ఆ వోల్టేజీ దగ్గర నిలిపేది), బ్యాలెన్స్ పోర్టు (సెల్లులన్నిటినీ సమానంగా నింపేది) రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. మీ 35,000లో మొదట పక్కకు తీసి పెట్టవలసిన డబ్బు దానికే.