షుగర్ మాత్రలు వాడే అమ్మ పరగడుపున వెనిగర్ తాగొచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఒంట్లో నీరు లాగేసే మాత్ర వాడుతుంది. పక్కింటి పిన్నిగారు బరువు తగ్గారని తనూ యాపిల్ సైడర్ వెనిగర్ మొదలుపెట్టింది. సీసా అడుగున ఉండే మడ్డి కలిసేలా ఊపి, రెండు మూతలు కొలిచి, పరగడుపునే గుటుక్కున మింగేస్తుంది. నీళ్లు కలుపమ్మా అంటే "కలిపితే పవర్ తగ్గిపోతుందే" అంటుంది!

అందులో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం దాకా ఉంటుంది. ఇప్పుడు మజ్జిగ తాగినా పళ్లు జివ్వుమంటున్నాయట, గొంతులో మంట కూడా. పెద్ద గ్లాసు నీళ్లలో ఒక్క చెంచా కలిపి స్ట్రాతో తాగమని, వెంటనే బ్రష్ చేయొద్దని చెప్పి చూశాను. వింటేగా.

నా టెన్షన్ అంతా మాత్రల గురించే. వెనిగర్ కూడా షుగర్‌ని కాస్త తగ్గిస్తుంది కాబట్టి గ్లిమిపిరైడ్‌తో కలిసి మరీ డౌన్ అయితే? నీటి మాత్రకి తోడు ఇదీ పొటాషియం తగ్గిస్తే? పోనీ బరువైనా తగ్గుతుందా అంటే, వెనిగర్‌తో బరువు తగ్గుతుందని 2024లో బాగా ప్రచారమైన లెబనాన్ అధ్యయనాన్ని, లెక్కలు నమ్మదగ్గవి కావని 2025లో దాన్ని అచ్చేసిన జర్నలే వెనక్కి తీసుకుంది.

ఇలాంటి మందులు వాడుతూ వెనిగర్ తాగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీ డాక్టరు పూర్తిగా మానేయమన్నారా, పొటాషియం పరీక్ష రాశారా? మా డాక్టరు వచ్చే వారం గానీ దొరకరు. అప్పటిదాకా అమ్మతో ఆపించే ఉపాయం ఉంటే అదీ చెప్పండి, ప్లీజ్.