సెల్ అనే ఒక్క మాటకి తెలుగులో ఎన్ని మాటలు?

పలకాబలపం:
పిల్లల సైన్స్ పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఒకే అధ్యాయంలో సెల్ అనే మాట నాలుగు రకాలుగా వచ్చింది: ఒంట్లో ఉండే సెల్, టార్చిలైట్‌లో వేసే సెల్, సెల్ ఫోన్, కంప్యూటర్ పట్టికలో సెల్. నేను కణం, ఘటం, సెల్, గడి అని రాసేసరికి వాటి మధ్య ఉన్న చుట్టరికం కాస్తా పోయింది. దానికి తోడు కణం అనే మాటతోనే నాకు పేచీ ఉంది. కణ భౌతికశాస్త్రం, కణ జీవశాస్త్రం పక్కపక్కన పెట్టి చూడండి, మొదటిదాంట్లో కణం అంటే ఎలక్ట్రాన్ లాంటిది, రెండోదాంట్లో కణం అంటే కొన్ని లక్షల కోట్ల అణువులున్న ప్రాణమున్న వస్తువు. పిల్లలకి ఇది ఎలా చెప్పాలి? అన్నిచోట్లా సెల్ అనే ఉంచేయనా?

జీవశాస్త్రం మాస్టారు:
ఉంచేయకండి. ముందు ఆ మాట ఎలా పుట్టిందో ఒక పేరాలో చెప్పండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. లాటిన్‌లో సెల్లా అంటే చిన్న గది. 1665లో రాబర్ట్ హుక్ బిరడాలు చేసే బెండుని పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తేనెపట్టులో లాగా వరసగా ఖాళీ అరలు కనిపించాయి, వాటికే సెల్ అని పేరు పెట్టాడు. ఘనపు అంగుళంలో అలాంటివి 120 కోట్లకు పైగా ఉంటాయని లెక్క కూడా కట్టాడు. నిజానికి అతను చూసింది ప్రాణం పోయాక మిగిలిన గోడలని. లోపల ఉండాల్సింది ఎప్పుడో ఎండిపోయింది. 1838, 1839లలో ష్లీడెన్, ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు మొక్కలూ జంతువులూ అన్నీ వీటితోనే కట్టి ఉన్నాయని చెప్పేనాటికి ఆ పేరు స్థిరపడిపోయింది. జంతు కణాలకి అసలు గోడే లేదు, పలచటి పొర మాత్రమే ఉంటుంది, అయినా పేరు గదే!

కణం విషయంలో మీరన్నది నిజం. కణం అంటే నలుసు అని వినిపిస్తుంది, లోపల కేంద్రకం, మైటోకాండ్రియా లాంటివి ఇన్ని ఉన్నాయని ఆ మాట చెప్పదు. కన్నడంలో జీవకోశ, హిందీలో కోశిక అంటారు, వాటిలో సంచి, అర అనే భావం మిగిలింది. అలాగని ఇప్పుడు మీ పుస్తకంలో కొత్త మాట పెడితే బడిలో కణజాలం, ఏకకణ జీవి అని చదివే పిల్లలు ఇబ్బంది పడతారు. మొదటిసారి జీవకణం అని రాసి తర్వాత కణం అనండి.

తీగలపని:
ఘటం మాత్రం మార్చొద్దండీ, నాకు చాలా ఇష్టమైన మాట అది. కరెంటు ఇచ్చే పాతకాలపు సెల్, 1836 నాటి డేనియల్ ఘటం చూడండి, మైలుతుత్తం ద్రావణం ఉన్న రాగి పాత్ర, దాంట్లో ఇంకో మట్టి పాత్ర. అచ్చంగా కుండలో కుండ! ఇంగ్లీషు వాళ్ళు గది అన్న చోట మన వాళ్ళు కుండ అన్నారు, ఆ వస్తువుకి అదే దగ్గరగా ఉంది. ఇంకో మాట, బొమ్మల కింద రాసేటప్పుడు చూసుకోండి. టార్చిలో వేసే 1.5 వోల్టుల ముక్క ఒక్కటే అయితే అది సెల్, కొన్ని కలిపితేనే బ్యాటరీ. కారు బ్యాటరీలో సుమారు 2 వోల్టుల సెల్‌లు 6 వరసగా కలిసి 12 వోల్టులు ఇస్తాయి. అందరూ ఒక్కదాన్ని కూడా బ్యాటరీ అనేస్తారు, పిల్లల పుస్తకంలో ఆ తప్పు రాకూడదు.

టవర్ దగ్గర:
ఫోన్ సంగతి నేను చెప్తా. అక్కడ సెల్ అంటే చేతిలో పరికరం కాదు, నేల మీద ఒక ముక్క. ఊళ్ళన్నిటికీ ఒకే పెద్ద టవర్ పెడితే ఉన్న కొద్దిపాటి ఫ్రీక్వెన్సీలు కొంతమందికే సరిపోతాయి, అందుకని నేలని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక ముక్కలో వాడిన ఫ్రీక్వెన్సీని పక్క ముక్క వదిలేసి కాస్త దూరంగా ఉన్న ఇంకో ముక్కలో మళ్ళీ వాడతారు. అమెరికాలో టెలిఫోన్ పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో 1947లోనే ఈ ఆలోచన కాగితం మీద పెట్టారు, గీసిన ముక్కలు ఆరు పలకలవి. అంటే మళ్ళీ తేనెపట్టే. మీరు మాట్లాడుతూ బస్సులో వెళ్తుంటే కాల్ ఒక గదిలోంచి పక్క గదిలోకి చేతులు మారుతుంది, మీకు తెలియను కూడా తెలియదు. దీనికి తెలుగు మాట వెతకకండి, సెల్ అనే ఉంచండి, అందరికీ అలవాటైన మాట.

పలకాబలపం:
తేనెపట్టు రెండుసార్లు వచ్చింది కదా, అధ్యాయం దాంతోనే మొదలుపెడతాను. అర అనే మాటతో చుట్టరికం చెప్పి, తర్వాత జీవకణం, ఘటం, సెల్, గడి ఎవరి పేరు వారికి ఉంచుతాను. జైలు గది కూడా చేర్చాలా?

జీవశాస్త్రం మాస్టారు:
చేర్చండి, కాకపోతే మఠాల్లో సన్యాసులు ఉండే చిన్న గదిని ముందు చెప్పి. జైలు తర్వాత వచ్చింది. కార్యాలయాల్లో ఫిర్యాదుల సెల్ అంటారే, అది వదిలేయొచ్చు, ఆ వయసు పిల్లలకి అక్కర్లేదు.