ఊళ్లో కోతుల బెడద: గ్రామసభలో ఏం తీర్మానం చేశారు, తర్వాత ఏమైంది?

వార్డుమెంబర్_6
మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో చిన్న ఊరు. మొన్న డిసెంబర్ ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను, మొదటిసారి. ఓటడగడానికి ఏ గడప ఎక్కినా ఒకటే మాట: "రోడ్డు తర్వాత చూద్దాం గానీ ముందు కోతుల సంగతి చూడు బిడ్డా". మా ఊళ్లో పెంకుటిళ్లు ఇక లేవు, అన్నీ రేకులే. పల్లి వేయడం మానేసి ఆరేళ్లయింది.

ఇప్పుడు సర్పంచ్ గారు ఇంటికి 500 చొప్పున వసూలు చేద్దాం, పట్టేవాళ్లను పిలిపిద్దాం, బోన్లలో ఎక్కించి దూరంగా అడవిలో వదిలేద్దాం అంటున్నారు. వచ్చే గ్రామసభలో తీర్మానం. ఊరంతా సరే అంటోంది, నాకే మనసొప్పడం లేదు. ఇలా చేసిన ఊళ్ల వాళ్లెవరైనా ఉంటే ఏమైందో చెప్పండి.

మక్కచేను
తమ్మీ, మేం రెండుసార్లు చేశాం. మొదటిసారి నాలుగు నెలలు హాయిగా ఉన్నాం. తర్వాత మళ్లీ గుంపు దిగింది. అవే వచ్చాయా, కొత్తవా అని ఊళ్లో పెద్ద చర్చ. చివరికి తేలిందేమిటంటే, గుట్ట అవతలి ఊరి వాళ్లు కూడా పట్టించి మా వైపు వదిలారు. మేం ఇంతకుముందు వదిలింది వాళ్ల వైపే. కోతులు అటూ ఇటూ తిరిగాయి, బండి కిరాయి మాత్రం రెండూళ్లకూ పడింది.

ఇంకో సంగతి. పట్టేవాళ్లతో కోతికి ఇంత అని మాట్లాడుకుంటారు కదా, ఎన్ని పట్టారో లెక్క పెట్టేవాళ్లు ఉండాలి. మా ఊళ్లో తెల్లవారుజామున బండి ఎక్కించి "మూడొందలు" అన్నారు. ఎవరు లెక్కపెట్టారు? డబ్బులివ్వని ఇళ్ల వాళ్లతో గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

పాత_ఫారెస్టోడు
అటవీ శాఖలో పని చేసి రిటైరయ్యాను. ముందు మీ ఊళ్లో ఉన్నది ఏ కోతో చూసుకోండి. ఎర్రమూతి, పొట్టితోక ఉన్నది ఉత్తరాది రకం. ఒకప్పుడు గోదావరికి అవతలే ఎక్కువ, ఇప్పుడు దక్షిణానికి బాగా దిగింది. నెత్తిమీద టోపీ పెట్టినట్టు వెంట్రుకలు, పొడవు తోక ఉన్నది మన దక్షిణాది కోతి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణలో మొదటి రకాన్ని రక్షిత జాబితాల నుంచి తీసేశారు, రెండోదాన్ని మాత్రం ఉంచారు. ఈ తేడా తెలియకుండా తీర్మానం రాస్తే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఏ రకమైనా సరే, హింస పెడితే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉండనే ఉంది.

నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబర్‌లో కోతుల సంరక్షణ కేంద్రం మొదలైంది. అక్కడ పిల్లలు పుట్టకుండా కు.ని. ఆపరేషన్ చేసి వదులుతారు. సంఖ్య తగ్గాలంటే దారి అదే. కానీ ఒక గుంపులో నాలుగింటికి చేసి మిగతావాటిని వదిలేస్తే ఫలితం కనబడదు. హిమాచల్ ప్రదేశ్‌లో ఏళ్ల తరబడి లక్షకు పైగా కోతులకు ఆపరేషన్లు చేశారు, అయినా అక్కడి రైతుల గోడు పూర్తిగా తీరలేదు. ఒక్క ఊరు ఒక్క నెలలో తేల్చే పని కాదిది.

నిజం_మాట్లాడతా
సార్, ఇవన్నీ వినడానికి బాగుంటాయి. మా అమ్మకు 68 ఏళ్లు. వాకిలి ఊడుస్తుంటే మీదపడి కరిచింది. పీహెచ్‌సీకి ఎన్నిసార్లు తిప్పామో ఆ టీకాల కోసం. ఎర్రమూతా, టోపీనా అని అడిగే ఓపిక మాకు లేదు. రేపు బండి వస్తానంటే ఇంటికి వెయ్యి ఇస్తా.

పాత_ఫారెస్టోడు
మీ బాధ నాకు తెలుసమ్మా. సర్వీసులో నన్నూ కరిచాయి, రెండుసార్లు. పట్టొద్దని నేను అనడం లేదు. పట్టాక ఎక్కడికి అన్న ప్రశ్నకు తీర్మానంలో జవాబు ఉండాలి అంటున్నా, అంతే.

కార్యదర్శి_బతుకు
పంచాయతీ కార్యదర్శిని, ఊరి పేరు అడగొద్దు. డబ్బు సంగతి చెప్తాను, ఎవరూ అడగరు గానీ తర్వాత తిట్లన్నీ మాకే.

కేంద్రం నుంచి పంచాయతీలకు 15వ ఆర్థిక సంఘం కింద 2021-26కు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాలకు వాడొచ్చు, జీతాలకు మాత్రం కాదు. కోతుల ఖర్చు ఆ 60లో రాస్తే ఆడిట్‌లో దొరుకుతారు. తెలంగాణలో దాదాపు రెండేళ్లు పాలకవర్గాలు లేక కేంద్రం డబ్బు ఆగింది, కాబట్టి కొత్తగా గెలిచినవాళ్లకు ఆత్రం ఎక్కువ. ఆ ఆత్రంలోనే తప్పులు జరుగుతాయి.

ఇళ్ల నుంచి వసూలు చేస్తే రసీదు ఇవ్వండి, పంచాయతీ ఖాతాలో వేయండి. ఎవరి జేబులోనూ ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. తెలంగాణ పంచాయతీరాజ్ 2018 చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ కావాలి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి కాబట్టి "ఈసారి కాకపోతే మళ్లీ ఏడాదికే" అని ఎవరైనా తొందరపెడితే నమ్మకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టొద్దు. చాలా ఊళ్లలో ముందు సంతకాలు, తర్వాత తీర్మానం. నవ్వుకోకండి, నేనూ ఒకసారి అలా రాయాల్సి వచ్చింది. పంచాయతీ ఖర్చులు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. దోహాలో ఉన్నవాళ్లు కూడా.

దోహా_కూలి
నన్నేనా అన్నా? :) మా ఊరి వాట్సాప్ గ్రూపులో కోతుల కోసమని గల్ఫ్‌లో ఉన్నవాళ్లం తలా కొంత పంపాం. లెక్క అడిగితే గ్రూపు నుంచి తీసేశారు.

పల్లికాయ
నేనూ రైతునే. ఒక్క మాట అడుగుతా వార్డు మెంబర్ తమ్ముడూ, మీ గ్రామసభ ఎన్ని గంటలకు? మా దగ్గర పదకొండింటికి పెట్టారు. నాట్ల రోజులు. వచ్చింది అరుగుల మీద కూర్చునే మగవాళ్లు, పింఛను సంగతి అడగడానికి వచ్చిన ముసలివాళ్లు. బోన్లు ఎక్కడ పెట్టాలి అంటే బొడ్రాయి దగ్గర, గుడి దగ్గర అన్నారు. గుట్ట కింద చేను ఉన్న నలుగురం ఆ రోజు సభలోనే లేం. ఊరి నడుమ నుంచి తరిమితే అవి ఎక్కడికి పోతాయి? మా మక్క మీదికి.

రెండోసారి పట్టుబట్టి రాత్రి ఏడింటికి పెట్టించాం, ముందురోజు చాటింపు వేయించి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. చికెన్ షాపుల చెత్త, పెళ్లిళ్ల ఎంగిలాకులు అన్నీ చెరువుకట్ట మీద పోస్తున్నారు. గుంపు అక్కడే మకాం. చెత్తబండి దాన్ని డంపింగ్ యార్డుకే తీసుకెళ్లాలి, కట్ట మీద పోస్తే జరిమానా అని రాసుకున్నాం. మొదట పడింది ఒక మెంబరు గారి బావమరిదికే. కోతులు పోలేదు గానీ గుంపులు గుంపులుగా ఊళ్లోకి రావడం తగ్గింది. అరటిపళ్లు పెట్టే పుణ్యాత్ములు మాత్రం మారలేదు.

ఉద్దానం_కుర్రోడు
మా శ్రీకాకుళం జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. మీ కోతుల్ని చూస్తే ఈర్ష్యగా ఉంది. సరే, కొనసాగించండి.

వార్డుమెంబర్_6
సభ అయిపోయింది. రాయడం ఆలస్యమైంది, క్షమించండి.

సాయంత్రం పెట్టించాను, పల్లికాయ అక్క చెప్పినట్టు. మావి ఎర్రమూతివేనని అటవీ శాఖ బీట్ ఆఫీసరు గారు వచ్చి చూసి చెప్పారు. చుట్టుపక్కల మూడు పంచాయతీలు కలిసి ఒకేసారి పట్టించాలని, నిర్మల్ కేంద్రానికి పంపడానికి అటవీ శాఖకు ముగ్గురు సర్పంచులూ కలిసి దరఖాస్తు ఇవ్వాలని రాశాం. వసూలు 500 నుంచి 200కు దిగింది, రసీదు పుస్తకం కార్యదర్శి దగ్గరే. లెక్క పెట్టడానికి ఇద్దరు ఆడవాళ్లు, ఒక రైతు. మూడో ఊరు ఇంకా ఒప్పుకోలేదు, "మా దగ్గర అంత లేవు" అంటోంది. నిర్మల్ కేంద్రంలో మా కోతులకు ఆపరేషన్ వంతు ఎప్పుడొస్తుందో కూడా ఎవరూ చెప్పలేదు.

సంతకాలకు ముందు తీర్మానం చదివి వినిపించమన్నాను. సర్పంచ్ గారు ముఖం మాడ్చుకున్నారు గానీ చదివారు. "దూరంగా అడవిలో" అన్న మాట పాత ముసాయిదాలోంచి అలాగే మిగిలిపోయింది. కొట్టేయించాను. ఒకాయన లేచి "ఆడనో ఈడనో, మనూరు కాకుంటే సాలదా?" అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి.

మక్కచేను
మీది ఏ మండలం తమ్మీ? ఏం లేదు, ఆ చప్పట్లు కొట్టినవాళ్లు రాత్రిపూట బండి మా వైపు తోలుతారేమోనని.