మిసిసిపీ ఒడ్డు పార్కులో చెట్లు కొట్టేయడం, మౌండ్స్ దగ్గర వనభోజనాలు: మీరేమంటారు?

వసంత_సెయింట్‌పాల్:
ఇక్కడ మిన్నెసోటాలోని సెయింట్‌పాల్‌లో డౌన్‌టౌన్ పక్కనే ఉన్న బ్రూస్ వెంటో పార్కుకి నేను దాదాపు రోజూ నడకకి వెళ్తాను. మొన్న చూస్తే గుట్ట కింద పొదలన్నీ కొట్టి కుప్పలేశారు, మోళ్ళకి ఏదో నీలం మందు పూశారు. ఏమిటని అడిగితే స్థానిక మొక్కల కోసమట. పచ్చగా ఉన్నదాన్ని నరికి గడ్డి పెంచడం ఏం బాగు చేయడం? ఇంకో మాట. గుట్ట పైన పాత మట్టి దిబ్బలున్న ఇండియన్ మౌండ్స్ పార్కులో ఏటా సమ్మర్‌లో మనవాళ్ళం వనభోజనాలు పెట్టుకుంటాం కదా, ఈసారి అక్కడ వద్దని కొందరంటున్నారు. మనం ఎవరికి ఏం అడ్డం?

శ్రీను_ఈస్ట్‌సైడ్:
వసంతక్కా, వాళ్ళు కొట్టింది బక్‌థార్న్. మన ఊళ్ళో సర్కారు తుమ్మ ఎలాగో ఇక్కడ ఇది అలాగ. 1800ల్లో యూరప్ నుంచి కంచె కోసం తెచ్చారు, కంచె దాటి అడవంతా పాకింది. పోయిన అక్టోబర్ చివర్లో నేను కూడా రంపం పట్టుకుని వెళ్ళాను. మిగతా చెట్లన్నీ ఆకు రాల్చేశాయి, ఇదొక్కటే పచ్చగా ఉంది. కొమ్మ కోస్తే లోపల చేవ నారింజ రంగులో ఉంటుంది, కొసన ముల్లు. దాని కింద కూర్చుని చూశాను, ఒక్క గడ్డిపోచ లేదు, ఒక్క ఓక్ మొలక లేదు, ఉత్త మట్టి. వాన పడితే ఆ మట్టి వాలు మీద నిలుస్తుందా? మీరు చూసే పచ్చదనం కింద ఇంకేదీ బతకడం లేదక్కా. మందు పూయకపోతే అదే మోడు నుంచి మళ్ళీ పది కొమ్మలు లేస్తాయి. పూసినవీ పూయనివీ తెలియడానికే ఆ నీలం రంగు.

రవి_మొక్కలు:
శ్రీను గారూ, బక్‌థార్న్ మంచిదని నేను అనను. కానీ "స్థానికం" అంటే ఏ సంవత్సరం నాటిది? ఆ పార్కు 27 ఎకరాలూ ఒకప్పుడు రైల్వే యార్డు. పాడైన మట్టిని శుభ్రం చేసి 2005లో పార్కుగా తెరిచారు. అంటే అక్కడ అసలు నేలే మారిపోయింది. ఇటు చూస్తే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు వల్ల ఊరంతా యాష్ చెట్లు పోతున్నాయి. ఉన్న నీడ కూడా తీసేసి, వేడి పెరుగుతున్న ఈ కాలంలో రెండు వందల ఏళ్ళ కిందటి ప్రెయిరీ, అంటే గడ్డి మైదానం, కావాలంటే ఎలా?

శ్రీను_ఈస్ట్‌సైడ్:
రవి గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కాలాన్ని వెనక్కి తిప్పడం ఎవరివల్లా కాదు. కానీ అది ఖాళీ రైల్వే స్థలం కాదండీ. అక్కడి గుహని ఇక్కడి ఆదివాసులైన డకోటా వాళ్ళు వకాన్ టిపి అంటారు, పవిత్రమైన ఇల్లు అని అర్థం. రైలు మార్గం కోసం 1800ల్లో గుట్ట ముందు భాగం కొట్టేస్తే గుహ గోడ మీది పాము బొమ్మలు పోయాయి. ఆ నేల అమెరికా ప్రభుత్వంతో 1837లో జరిగిన ఒప్పందంతోనే వాళ్ళ చేజారింది. 1862లో ప్రభుత్వానికీ వాళ్ళకీ జరిగిన యుద్ధం తర్వాత అసలు రాష్ట్రంలోనే ఉండకూడదని వాళ్ళని వెళ్ళగొట్టారు. ఇక్కడి ఓక్ సవన్నా, అంటే గడ్డి మధ్య అక్కడక్కడా ఓక్ చెట్లున్న నేల, తనంతట తానే నిలవలేదు, వాళ్ళు పెట్టే నిప్పుతో నిలిచింది. బర్ ఓక్ బెరడు మందం, మంట తట్టుకుంటుంది. నిప్పు పెట్టేవాళ్ళని తరిమేశాక పొదలు కమ్మేశాయి. ఇప్పుడు పని నడిపిస్తున్న సంస్థల్లో ఆదివాసుల నాయకత్వంలోని వకాన్ టిపి అవాన్యాంకపి ఒకటి. నాకు ముఖ్యం అదే. ఏ మొక్క ఉండాలో వాళ్ళు చెప్పకుండా మనం ఎన్ని పూల మొక్కలు నాటినా అది తోటపనే.

గోదారి_పిల్ల:
వనభోజనాల గురించి నేను చెప్తాను. మా అమ్మమ్మ వాళ్ళది దేవీపట్నం వైపు. పోలవరం ముంపులో ఆ చుట్టుపక్కల కొండరెడ్ల ఊళ్ళు, కోయల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కాలనీలో ఇల్లు ఇచ్చారు సరే, పెద్దవాళ్ళని పూడ్చిన చోటు ఎవరిస్తారు? పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఒక ముసలాయన గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చెయ్యి చూపించి "మా నాయన అక్కడున్నాడమ్మా" అన్నాడు. ఆ చెయ్యి నాకింకా కళ్ళముందే ఉంది. ఇండియన్ మౌండ్స్‌లో ఇప్పుడు మిగిలినవి ఆరు దిబ్బలు. అవి ఆదివాసుల సమాధులు. మిగతావి ఎప్పుడో చదును చేసేశారు, అంటే మనం దుప్పటి పరిచే గడ్డి కింద కూడా ఎవరో ఉండొచ్చు. మన ఊళ్ళో శ్మశానంలో పులిహోర విప్పుతామా వసంత గారూ?

రవి_మొక్కలు:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. కింద యాష్ చెట్లు పోయిన చోట మాత్రం నీడనిచ్చేవి వేయాలి, బర్ ఓక్ అయినా పర్వాలేదు. అంతా గడ్డే అంటే ఒప్పుకోను.

వసంత_సెయింట్‌పాల్:
గోదారి_పిల్ల గారూ, అక్కడ పదేళ్ళుగా తింటున్నాం, కింద ఎవరున్నారని ఒక్కసారి కూడా అనుకోలేదు. మా వాళ్ళతో మాట్లాడాను, ఈసారి ఫేలెన్ లేక్ దగ్గర పెట్టుకుంటున్నాం. మందు విషయంలో మాత్రం నా మాట మారలేదు శ్రీనూ. పిల్లలు మోళ్ళ మీద కూర్చుంటారు, నీలం రంగు అంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు? పూసిన రోజు దారి పక్కన బోర్డు పెట్టాలి. మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావో చెప్పు, నేనూ వస్తాను. అక్కడే అడుగుతాను.