ఏప్రిల్ ఆఖరి శనివారం, బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్: వాలంటీర్ల పనులు ఇక్కడ మాట్లాడుకుందాం

కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం కార్యవర్గం సరేనంది కాబట్టి థ్రెడ్ మొదలుపెడుతున్నాను. ఈసారి వనభోజనాలు నవంబరులో కాదు, ఏప్రిల్ ఆఖరి శనివారం. చోటు బ్రాడ్‌ఫీల్డ్ వుడ్స్. ఇంగ్లండు తూర్పున సఫక్‌లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ ఊరికి ఆగ్నేయంగా కొన్ని మైళ్ళ దూరం, సఫక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ చూసుకుంటున్న అడవి. కేంబ్రిడ్జ్ వాళ్ళైనా ఇప్స్‌విచ్ వాళ్ళైనా ఏ14 రోడ్డెక్కి రావడమే. మే నెలకి జరపమని కొందరు అడిగారు. మే మొదలైతే పిల్లల జీసీఎస్ఈ, ఏ లెవెల్ పరీక్షల హడావుడి, అప్పుడు సగం ఇళ్ళు కదలవు. కాబట్టి తేదీ మీద మళ్ళీ చర్చ వద్దు. అరవై మందికి మించి పేర్లు తీసుకోం. ఎవరే పని పట్టుకుంటారో కింద రాయండి.

మాజీ కార్యదర్శి

వనభోజనాలంటే కార్తీకం, ఉసిరి చెట్టు, తులసి కోట. ఏప్రిల్లో చేసేదాన్ని పిక్నిక్ అనండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పేరు పెట్టి ఇది చేస్తే మాత్రం పెద్దవాళ్ళు నన్ను అడుగుతారు.

కోఆర్డినేటర్

అన్నగారూ, మీ మాట న్యాయమే. కానీ నవంబరు సంగతి మీకు తెలియనిది కాదు. నాలుగున్నరకల్లా పొద్దుపోతుంది, కాళ్ళ కింద బురద, పైన వాన. కిందటి కార్తీకంలో హాల్లోనే కూర్చుని, ఇండియన్ షాపు ఫ్రోజెన్ ఉసిరికాయల ప్యాకెట్‌ని పళ్ళెంలో పోసి దాని పక్కన దీపం పెట్టుకున్నాం. ఆ కాయలు కరిగి నీళ్ళు కారి ఒత్తి తడిసింది! కార్తీక దీపాలు ఎక్కడికీ పోవు, నవంబరులో హాల్లో యథాప్రకారం ఉంటాయి. దీన్ని మాత్రం ‘వసంత వనవిహారం’ అందాం. పోస్టర్లో అదే పేరు వేయిస్తాను.

మాజీ కార్యదర్శి

అలాగైతే సరే. పెద్దవాళ్ళని చూసుకునే పని నాకివ్వండి.

పిల్లల కార్యక్రమాలు

ఏప్రిలే ఎందుకో పేరెంట్స్‌కి పంపే మెసేజ్‌లో రాద్దామనుకుంటున్నా, చూసి చెప్పండి. ఇది ఆకురాల్చే అడవి. యాష్, ఓక్, హేజెల్, బర్చ్ చెట్లకి మే నెల గడిచేసరికి ఆకు దట్టంగా కమ్ముకుంటుంది. ఆ తర్వాత నేల మీదకి వెలుతురు దిగదు. అందుకని కింది మొక్కలు చాలావరకు పైన ఆకు మూసుకోకముందే గబగబా పూసి, ఏడాదికి సరిపడా తిండి దుంపల్లోనో వేళ్ళలోనో దాచుకుంటాయి. ప్రిమ్‌రోజ్, వుడ్ ఎనిమొనీ, బ్లూబెల్స్ అన్నీ ఆ తొందరలోవే. జూన్‌లో వెళితే పచ్చటి నీడ తప్ప ఇవేవీ కనపడవు.

ఒక మాట ముందే చెప్పాలి. ఫోన్లలో తిరిగే ఫోటోల్లోలాగా కనుచూపు మేర బ్లూబెల్ పూల నీలం రంగు తివాచీ కావాలనుకునే వాళ్ళకి ఈ అడవి నప్పదు. ఇక్కడి గొప్ప రకాల్లో ఉంది. చిన్న అడవే అయినా 370కి పైగా మొక్కల జాతులు నమోదయ్యాయి. పిల్లలకి ‘పది పూలు గుర్తుపట్టు’ కాగితం ఇస్తాను. కోయడం లేదు, చూసి టిక్కు పెట్టడమే.

రెక్కీ చేసిన వాలంటీర్

నేనూ మా ఆవిడా ఆదివారం వెళ్ళి చూసొచ్చాం. రాసుకున్నవి చెబుతాను.

నేల బంకమట్టి. వాన పడి నాలుగు రోజులైనా కాలిబాట మధ్యలో నీళ్ళు నిలిచే ఉన్నాయి. మా ఆవిడ మామూలు స్పోర్ట్స్ షూతో వచ్చింది, పది నిమిషాల్లో సాక్సు దాకా తడిసింది. వెల్లింగ్టన్ బూట్లు (పొడుగాటి రబ్బరు బూట్లు) తప్పనిసరి అని పెద్ద అక్షరాలతో వేయండి. పట్టుచీరలు, పంచెలు భోజనాల హాల్లో కట్టుకోవచ్చు.

ఇంకోటి. లోపలికి వెళ్ళగానే ఒక పక్క చెట్లు మొదలంటా కొట్టేసి ఉన్నాయి. మోకాలి ఎత్తు మోళ్ళు, పక్కన కట్టెల మోపులు, చుట్టూ ఎండుకొమ్మలతో అల్లిన కంచె. మన వాళ్ళు చూస్తే ‘ట్రస్ట్ అంటారు, చెట్లు నరికేస్తున్నారేంటి’ అని కచ్చితంగా అడుగుతారు. దీనికి జవాబు వాలంటీర్లందరి నోటా ఒకేలా రావాలి.

రవాణా

దానికి జవాబు నేను చెబుతా, మాది ప్రకాశం జిల్లా. జామాయిల్ తోట వేస్తే మూడు నాలుగేళ్ళకి కొట్టి పేపరు మిల్లుకి తోలతాం. దుంప తియ్యం. వానలు పడగానే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి, మంచివి ఉంచి మిగతావి తీసేస్తే రెండో కటింగ్‌కి వస్తాయి. ఇక్కడ చేసేదీ అదే, కాపిసింగ్ అంటారు. తేడా ఏంటంటే మా తోట రెండు మూడు కటింగులకి అయిపోతుంది, వీళ్ళది శతాబ్దాలుగా నడుస్తోంది.

పిల్లల కార్యక్రమాలు

అవును. ఇక్కడ కాపిసింగ్ కనీసం 1252 నుంచీ జరుగుతున్నట్టు రికార్డులున్నాయి. అప్పుడు ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు ఏలుతున్నాడు! అడవి అప్పట్లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ మఠానిది. 1539లో ఎనిమిదో హెన్రీ ఆ మఠాన్ని మూయించినా కట్టె కొట్టడం ఆగలేదు. ఈమధ్య కాలం దాకా పక్క ఊళ్ళో గడ్డి పోగుచేసే రేక్‌లు (చివర చెక్క పళ్ళుండే కర్రలు) చేసే కార్ఖానా ఉండేది, దానికి యాష్ కర్ర ఈ అడవిదే. హేజెల్ కర్రతో తడికలు అల్లేవాళ్ళు, చిక్కుడు పాదులకి ఊతకర్రలు చేసేవాళ్ళు.

కొడితేనే చెట్టు బతుకుతుందనేది పిల్లలకి నమ్మశక్యంగా ఉండదు కాబట్టి చూపించే చెప్పాలి. మామూలుగా యాష్ చెట్టు రెండు మూడొందల ఏళ్ళకి ముసలిదై పోతుంది. మళ్ళీ మళ్ళీ కొట్టిన మొదలు మాత్రం చుట్టూ పిలకలు వేసుకుంటూ వెడల్పవుతుంది, నడిమి భాగం కుళ్ళిపోయినా అంచులు బతికే ఉంటాయి. ఈ అడవిలో వెయ్యేళ్ళ నాటివని అంచనా వేసే మొదళ్ళున్నాయి. ప్రతి చలికాలం ఒక ముక్క కొడతారు. అక్కడ ఎండ పడి పూలు విరగపూస్తాయి, కొన్నేళ్ళకి పొద పెరిగాక నైటింగేల్ పక్షి వచ్చి చేరుతుంది. ఆ ఎండుకొమ్మల కంచె జింకల కోసం, లేకపోతే లేత పిలకల్ని మేసేస్తాయి.

యాష్‌కి ఇప్పుడు శిలీంధ్రపు జబ్బు వచ్చింది. ఇంగ్లండులో 2012లో బయటపడింది, ఈ తూర్పు జిల్లాలకి గట్టి దెబ్బే. ఎండిన కొమ్మలు విరిగిపడే ప్రమాదం ఉంది, అందుకే గాలి బాగా వీచే రోజున అడవిలోకి వెళ్ళొద్దు. వాతావరణం అలా ఉంటే కార్యక్రమం మొత్తం హాల్లోనే అని ముందే రాసేయండి, ఆ రోజు పొద్దున గొడవలుండవు.

కోఆర్డినేటర్

బాగుంది, ఇద్దరూ కలిసి దీన్నే అర పేజీ చేయండి. నాకు అసలు టెన్షన్ ఫోటోల గురించి. ఒక్క రీల్ కోసం పూల మధ్యలో కూర్చునే వాళ్ళు మనలో తక్కువేం లేరు. బ్లూబెల్ ఆకు నలిగితే ఆ ఏడాది దుంపకి తిండి చేరదు. గింజ నుంచి పువ్వు దాకా రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. ఈ మొక్కలకి 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ కూడా ఉంది, అనుమతి లేకుండా దుంప పెకలించడం నేరం. కాబట్టి కాలిబాట దిగకూడదు, చంటిపిల్లల ఫోటో అయినా సరే. ఇది చెప్పడానికి కాస్త మొహమాటం లేని వాళ్ళు కావాలి. దారి మలుపుల దగ్గర నలుగురు నిలబడాలి.

కొత్త వాలంటీర్

అక్కా, నేను నిలబడతాను. నాకు మొహమాటం అసలు లేదు, మా హాస్టల్ వాళ్ళని అడగండి.

భోజనాల టీం

అడవిలో పొయ్యి లేదు, బార్బెక్యూ లేదు, అక్కడ వడ్డన కూడా వద్దు. దగ్గరి ఊళ్ళో విలేజ్ హాల్ తీసుకుంటున్నాం, వంటగది, టాయిలెట్లు, వీల్‌చెయిర్ ర్యాంప్ ఉన్నాయి. మెనూ: పులిహోర, దద్దోజనం, పూర్ణాలు, వంకాయ కూర, పప్పు, అన్నం, పిల్లలకి పాస్తా (ఎవరూ నవ్వకండి, కిందటిసారి ముందు అయిపోయింది అదే).

అలర్జీ చీటీలు ఈసారి పద్ధతిగా రాయాలి. ఈ దేశంలో చెప్పి తీరాల్సిన అలర్జీ పదార్థాలు 14. వాటిలో మన పులిహోర ఒక్కదాంట్లోనే ఎన్ని ఉన్నాయో చూడండి: వేరుశనగ, ఆవాలు, కొందరు వేసే నువ్వులపొడి, ఇంగువ డబ్బా వెనక చదివితే గోధుమపిండి. జీడిపప్పు వేస్తే ఇంకోటి. అందుకని పులిహోర రెండు గిన్నెలు, ఒకటి వేరుశనగ లేకుండా. గరిటెలు మార్చకండి, అసలు ప్రమాదం అక్కడే. ఇంటి నుంచి వండి తెచ్చేవాళ్ళు ఏమేం వేశారో కాగితం మీద రాసి గిన్నెకి అంటించాలి. ‘మామూలుగానే చేశానండీ’ అంటే కుదరదు.

రవాణా

అడవి దగ్గర కార్ పార్క్ చిన్నది. ఇరవై కార్లు పోతే వేరే వాళ్ళకి చోటుండదు, సందుల్లో ఎదురెదురు పడితే ఎవరో ఒకరు పొదల్లోకి దిగాలి. అందుకే కార్లన్నీ హాల్ దగ్గర పెట్టి, అక్కడి నుంచి 16 సీట్ల మినీబస్సులో తీసుకెళదాం. ‘నేనే నడుపుతా’ అని ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు, సంతోషం. కానీ 1997 జనవరి 1 నుంచీ కారు టెస్ట్ పాసైన వాళ్ళకి మినీబస్సు లైసెన్సు దానంతటది రాదు, మనలో దాదాపు అందరం ఆ తర్వాత వచ్చినవాళ్ళమే. వాలంటీర్లకి మినహాయింపు ఉంది, షరతులు కూడా ఉన్నాయి. అందులో ఒకటి ప్రయాణానికి డబ్బు తీసుకోకూడదని. మనం టికెట్ పెడుతున్నాం. అనవసరంగా ఇన్సూరెన్స్ తలనొప్పి ఎందుకు? డ్రైవర్‌తో సహా మాట్లాడేస్తాను.

మనుషుల్ని రెండు జట్లు చేయండి. ఒక జట్టు నడుస్తుంటే ఇంకో జట్టు హాల్లో తింటుంది. అరవై మంది ఒకేసారి లోపల మాట్లాడుకుంటూ నడిస్తే నైటింగేల్ కాదు కదా, కాకి కూడా వినపడదు.

మాజీ కార్యదర్శి

అమ్మానాన్నలు ఏప్రిల్లో ఎండలు తప్పించుకుని ఇక్కడికి వస్తారు కాబట్టి ఈసారి పెద్దవాళ్ళు ఎక్కువే ఉంటారు. వాళ్ళకి ఇక్కడి ఏప్రిల్ కూడా చలికాలమే. కోట్లు, మంకీ క్యాపులు తీసుకురమ్మని చెప్పండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మొదటి జట్టులో వేసి చిన్న దారిలోనే తిప్పి తీసుకొస్తాను, మడత కుర్చీలు నాలుగు కావాలి. టాయిలెట్‌కి హాల్లోనే వెళ్ళి బస్సెక్కాలి, ఈ మాట నేను తెలుగులో నాలుగుసార్లు చెబుతాను.

ఇంకొక హెచ్చరిక. మన అమ్మలకి పచ్చటి ఆకు కనపడితే చెయ్యి ఊరుకోదు, ఏదో కూరాకు అనుకుంటారు. బ్లూబెల్ ఆకు, దుంప, పువ్వు అన్నీ విషమే. నెటిల్ ఆకు తాకితే మన దురదగొండి అంత పని చేస్తుంది.

ఫస్ట్ ఎయిడ్

దానికి తోడు గోమార్లు. పశువులకి పట్టేవి మనకి తెలుసు, ఇక్కడివి గసగసాలంత కూడా ఉంటాయి. వాటి వల్ల లైమ్ జబ్బు రావచ్చు. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోవాలి, ఇంటికెళ్ళాక పిల్లల మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు అంచుల్లో చూడాలి. పట్టి ఉంటే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. తర్వాత వారాల్లో చుట్టూ గుండ్రంగా ఎర్రబడితే జీపీకి (మన ఫ్యామిలీ డాక్టరుకి) చెప్పాలి. బర్చ్, ఓక్ పుప్పొడి రోజులు కాబట్టి హే ఫీవర్ ఉన్నవాళ్ళు మాత్ర వేసుకుని, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని రావాలి. కిట్ నా దగ్గరుంది, గడువు తేదీలు ఈ వారం చూస్తాను.

ట్రెజరర్

హాల్, బస్సు, భోజనం లెక్కేస్తే పెద్దలకి 15 పౌండ్లు, పిల్లలకి 7, ఐదేళ్ళలోపు ఉచితం. మనల్ని చూడ్డానికొచ్చే అమ్మానాన్నలకి సగం తీసుకుందామని నా ప్రతిపాదన, ఎవరూ వద్దనకపోతే ఖాయం. ట్రస్ట్‌కి వంద పౌండ్లు విరాళం పక్కన పెట్టాను. డబ్బు పడ్డాకే పేరు ఎక్కుతుంది. ‘ఆ రోజు ఇచ్చేస్తాం’ అన్నవాళ్ళ జాబితా ఇప్పటికే నా దగ్గర పెద్దదిగా ఉంది.

కోఆర్డినేటర్

ఖాయం చేసేయండి. ట్రస్ట్‌కి మన సంఖ్య, బస్సు వచ్చే సమయం చెబుతూ రేపు మెయిల్ పెడతాను, వాళ్ళ జవాబు వచ్చాకే పోస్టర్ బయటికి వెళుతుంది. మలుపుల దగ్గర ఇంకా ముగ్గురు కావాలి. హాల్లో గిన్నెలు కడగడానికి ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ ఆడవాళ్ళే. మగవాళ్ళ పేర్లు రాత్రిలోగా ఇక్కడ కనపడాలి.

రెక్కీ చేసిన వాలంటీర్

గిన్నెలకి నా పేరు రాయండి. పుష్‌చెయిర్లు తెచ్చే ఇళ్ళు ఎన్నో ఎవరైనా చెప్పండి, ఆ బురదలో చిన్న చక్రాలవి కదలవు. మెత్తటి సంచీలో బిడ్డని కట్టుకుని నడిచేవాళ్ళకైతే ఇబ్బంది లేదు. మా ఇంట్లో ఒకటి ఖాళీగా ఉంది, కావాల్సినవాళ్ళు శుక్రవారంలోగా అడగండి.